యోనా చెట్టు తేలేదాకా పెళ్లి లేదు

"మీరు ఆ వ్యాసం తీసేయాలి. ఇవాళే. ఇప్పుడే!"

సియాంతార్ బైబిలు కళాశాల క్యాంటీన్‌లో కాఫీ తాగబోతున్న పార్లిన్ ఉలిక్కిపడ్డాడు. ఎదురుగా తడిసి ముద్దయిన ఒకమ్మాయి. ఆమె జుట్టులోంచి వాననీళ్లు సరిగ్గా అతని కప్పులోకే కారుతున్నాయి.

"ఏ వ్యాసమండీ?"

"నిన్న రాసిందే. ఆరేళ్లు మాయమై వచ్చి మరీ రాశారుగా!"

పార్లిన్ సిహోతాంగ్ అక్కడ హీబ్రూ చెబుతాడు. ఒకప్పుడు అతనికో బ్లాగు ఉండేది. బైబిలు కథలో ఎండలో కూర్చున్న యోనా ప్రవక్తకు నీడనిచ్చింది ఆముదం చెట్టా, సొరపాదా అని పద్నాలుగు భాగాలు రాశాడు. 'జవాబు రేపు చెబుతాను' అన్న రోజునే, తన పాఠకులెందరో లెక్క చూసుకున్నాడు. ఒక్కరు. ఆ ఒక్కరూ వాళ్లమ్మే అనుకుని, సిగ్గుపడి మానేశాడు. నిన్న సెలవు, పైగా వాన. ఏమీ తోచక మళ్లీ తెరిచి, 'ఆముదమే' అని ముగించేశాడు.

"అయితే... ఆ ఒక్కరూ మీరా?"

"నేనే. తియోమినా పాసారిబు. మా ఊరు బాలిగెలో మొక్కల నర్సరీ నడుపుతాను."

"ఆముదం కాదంటారా? ఆ హీబ్రూ మాటకి అర్థం..."

"చెట్టు సంగతి తర్వాత! సంబంధం వచ్చినప్పుడల్లా, 'ఆ వ్యాసం పూర్తవనీ నాన్నా, పెళ్లి మాట అప్పుడు చూద్దాం' అనేదాన్ని. మా నాన్న చర్చిలో సంఘపెద్ద. బైబిలు విషయం కదా అని ఊరుకునేవారు. అలా తొమ్మిది సంబంధాలు తప్పించుకున్నాను. మీరు నిన్న ముగించారు, అది నాన్న కంటపడింది. పొద్దున్నే పదోవాడు వచ్చి మా ఇంట్లో కూర్చున్నాడు!"

పార్లిన్‌కి నవ్వొచ్చింది. ఆమె కళ్లు చూసి మింగేశాడు.

"నా వ్యాసమే ఎందుకండీ?"

తియోమినా గొంతు తగ్గింది. "రాసినాయన ఎప్పటికైనా వస్తాడని." అంతలోనే మండిపడింది. "వచ్చి ఏం చేశారు? మూడు ముక్కల్లో తేల్చి పారేశారు!"

"ఇక్కడున్నావా!"

గుమ్మంలో తియోమినా వాళ్ల నాన్న. ఆమె వెనకాలే ఇంకో బస్సు పట్టుకుని వచ్చాడు. కూతుర్ని వదిలి నేరుగా పార్లిన్ మీదికి వెళ్లాడు.

"ఆ రాసేవాడివి నువ్వేనా? నలభై ఏళ్లుగా ఆదివారం బడిలో సొర అనే చెబుతున్నాను. ఇది తెలిస్తే బాలిగె అంతా నన్ను చూసి నవ్వుతుంది. సొర అని మార్చు!"

"మార్చలేనండీ."

ఒప్పుకోమన్నట్టు తియోమినా బల్ల కింద అతని కాలు తొక్కింది. పార్లిన్ లేచి నిలబడ్డాడు. ఆరేళ్లు తన కోసం ఎదురుచూసిన ఆమెను ఒకసారి చూశాడు.

"మీ అమ్మాయిని నాకిచ్చి పెళ్లి చేయండి. కానీ అది ఆముదమే."

క్యాంటీన్ అంతా చెంచాలు ఆగిపోయాయి.

"పిల్లనడుగుతూ నా మాట కాదంటావా?"

"తప్పదండీ."

పెద్దాయన కుర్చీలో కూలబడ్డాడు. "పొద్దున పెళ్లిచూపులకొచ్చిన ఆ టైర్ల షాపువాణ్ని, ఆముదమా సొరా అని అడిగాను. 'మీరేదంటే అదే మావయ్యా' అన్నాడు. ఒక మొక్క కోసమే నిలబడనివాడు రేపు పెళ్లాం కోసం ఏం నిలబడతాడు?" తలెత్తాడు. "ఇంటిపేరు?"

"సిహోతాంగ్."

"మేం పాసారిబులం. ఇంటిపేర్లు వేరు, పెళ్లికి అడ్డం లేదు. మీవాళ్లని తీసుకురా."

"నన్నెవరూ అడగలేదు!" అంది తియోమినా.

పార్లిన్ ఆమె వైపు తిరిగాడు. "చేసుకుంటారా?"

"సొర అని ఒప్పుకుంటే ఆలోచిస్తా."

"ఒప్పుకోను."

ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది.

"సరే. ఆ చెట్టుని కొరికేసిన పురుగు ఒకటుందిగా, అదేం పురుగో రాయడం మొదలుపెట్టండి. కానీ మనిద్దరం ముసలాళ్లమయ్యేలోపు తేల్చారంటే ఊరుకోను!"