తొమ్మిదో ‘సరే నాన్నా’

“ఈ కొడుకు ఉత్త దద్దమ్మ,” అంది ఆమె.

ఎదురుగా కూర్చున్న ఆ కొడుక్కి పొలమారింది. తాగుతున్న టీ సగం చొక్కా తాగింది.

ఆమె ప్రచురణ సంస్థలో ఎడిటరు. చేరి నాలుగు నెలలే అయినా ఆమె ఎర్ర పెన్సిలంటే తలపండిన రచయితలకు కూడా హడల్. ఇప్పుడు ఆ పెన్సిలు బారిన పడింది ఒక పెద్ద రచయితగారి పన్నెండో నవల, మొదటి నాలుగు అధ్యాయాలు. తెచ్చినవాడు ఆయన ఒక్కగానొక్క కొడుకు. “మీరెవరండీ?” అని ఆమె అడిగితే “టైపు చేసేవాణ్ణి” అన్నాడు. అది అబద్ధమేమీ కాదు. పగలంతా కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి, సాయంత్రం ఇంటికొచ్చి తండ్రి చేత్తో రాసిందంతా టైపు చేసేది అతనే.

“నాలుగు అధ్యాయాల్లో వీడు నోరు విప్పింది ఎనిమిదిసార్లు. ఎనిమిదిసార్లూ ఒకటే మాట. ‘సరే నాన్నా’. లెక్కపెట్టాను.”

“కొంతమంది మితభాషులుంటారు కదండీ.”

“ఇది మితభాషి కాదు, మట్టిముద్ద. ఆయన పాత పుస్తకాలన్నీ చదివాను. పదకొండు నవలల్లోనూ ఒక కొడుకుంటాడు. అయిదుగురు ఇల్లొదిలి పారిపోయారు. నలుగురు చచ్చిపోయారు.”

“మిగిలిన ఇద్దరూ?”

“ఒకడు సన్యాసుల్లో కలిశాడు. ఒకడికి పుట్టుకతోనే మాట రాదు. పాపం, ఆయనకి నిజంగా కొడుకున్నాడో లేదో గానీ, ఉంటే వాడి బతుకెలా ఉందో.”

పదకొండు గండాలు దాటి బతికి బట్టకట్టిన ఆ కొడుకు రుమాలుతో చొక్కా తుడుచుకుంటూ ఉండిపోయాడు. నవల అచ్చయిన ప్రతిసారీ ఈసారి తనకేం మూడిందోనని ముందు చివరి పేజీ చూసుకోవడం అతనికి చిన్నప్పటి నుంచీ అలవాటు. నవ్వులాటకి చెప్పుకునే అలవాటే గానీ, చూసుకున్న ప్రతిసారీ నొప్పిగానే ఉండేది.

ఆమె విసుగ్గా కళ్ళజోడు లాగి బల్ల మీద పడేసింది. దాని కాలు ఊడి చేతిలోకొచ్చింది. అతను జేబులోంచి చిటికెన వేలంత స్క్రూడ్రైవరు తీసి, రెండు తిప్పులు తిప్పి ఇచ్చేశాడు.

“టైపు చేసేవాళ్ళ జేబులో స్క్రూడ్రైవరెందుకండీ?”

“ఎడిటర్లు కోపిష్టివాళ్ళని విన్నాను.”

ఆమెకి నవ్వొచ్చింది. కనపడనివ్వకుండా కాగితాలు తోసింది. “మీ రచయితగారికి చెప్పండి. కొడుకు మాట్లాడాలి. లేకపోతే ఈ పుస్తకం వెయ్యడం కుదరదు.”

చెప్పడం ఆమెకి తేలికే. కామా మారిస్తే కంచం ముందు నుంచి లేచిపోయే మనిషికి కొడుకునే మార్చమని ఎవరు చెబుతారు? తల్లి పోయి ఆరేళ్ళయింది. అప్పటినుంచీ ఆ ఇంట్లో తండ్రీకొడుకుల సంభాషణ అంతా “తలుపేశావా?”, “వేశాను” దగ్గరే ఆగిపోయింది. ఆరేళ్ళ తరవాత ఆయన మళ్ళీ కలం పట్టాడు. పుస్తకం రాదని తెలిస్తే ఆ కలం మళ్ళీ దింపేస్తాడు.

అందుకని అతనొక దొంగపని చేశాడు. తండ్రి మాటల్లో అక్షరం ముట్టుకోలేదు. ‘సరే నాన్నా’లు ఎనిమిదీ తీసేసి, అక్కడ తన నోటికొచ్చింది టైపు చేశాడు.

నవలలో తండ్రి అంటాడు, “నీ వయసులో నేను రోజూ పదిమైళ్ళు నడిచేవాణ్ణి.”

కొడుకు అంటాడు, “తెలుసు నాన్నా. అమ్మ చెప్పింది. రెండు మైళ్ళ దారేనట, తప్పిపోయి.”

తరవాతి గురువారం ఆ పేజీ చదివి ఆమె పగలబడి నవ్వింది. పక్క గదిలోంచి మేనేజరు తొంగిచూశాడు. అలా ప్రతి గురువారం ఒక అధ్యాయం వెళ్ళేది. అదేం విచిత్రమో, ప్రతి గురువారం ఆమె కళ్ళజోడు మర వదులయ్యేది. అతను బిగించేవాడు. బిగించడానికి అరనిమిషం చాలు, అతనికి పది నిమిషాలు పట్టేది.

“నాకీ కొడుకు మీద మనసు పడేలా ఉందండీ,” అందామె ఒక గురువారం.

అతనికి తన మీద తనకే అసూయ పుట్టింది. “కాగితం మీది మనిషండీ వాడు.”

“కాగితం మీదివాళ్ళే నయం. ఇరవై నిమిషాలు ఆలస్యంగా రారు.”

అప్పుడే చెప్పేద్దామనుకున్నాడు. చెబితే తండ్రి పుస్తకం కల్తీదని తేలుతుంది. చెప్పకపోతే ఈ పిల్ల కాగితాన్ని పెళ్ళాడేలా ఉంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మరని మరో తిప్పు తిప్పి ఊరుకున్నాడు.

ఇంట్లో ఇంకో తంటా వచ్చింది. అయిదో అధ్యాయం నుంచీ తండ్రి మధ్యమధ్య రెండేసి గీతలు ఖాళీగా వదిలి రాస్తున్నాడు. చూపు మందగించిందనుకున్నాడు కళ్ళజోళ్ళ కొడుకు. దుకాణానికి తీసుకెళ్ళి అక్షరాల బోర్డు చదివించాడు. ఆయన అడుగు వరుస కూడా గడగడా చదివేశాడు. అయినా అనుమానం తీరక కొత్త అద్దాలు చేసిచ్చాడు. ఆయన మారు మాట్లాడకుండా పెట్టుకుని, మళ్ళీ రెండు గీతలు వదిలాడు.

చివరి అధ్యాయం ఒక్కటే రావాల్సి ఉండగా, మిగతా పుస్తకం అచ్చు ప్రూఫులు సిద్ధమయ్యాయి. ఆ సంస్థలో ఒక నియమం ఉంది. ప్రూఫు ప్రతి పేజీ మీదా రచయిత సంతకం పెట్టాలి. “నాకివ్వండి, పెట్టించుకొస్తాను,” అన్నాడతను. అప్పటికే తండ్రి సంతకం నాలుగుసార్లు సాధన చేశాడు. ఐదోది మేకపిల్లలా వచ్చింది.

“అక్కర్లేదు,” అందామె. “ఇలాంటి కొడుకుని పుట్టించిన మనిషిని నేనే చూడాలి.”

వాన చినుకులు పడుతుండగా ఆమె వచ్చి తలుపు కొట్టింది. తీసింది అతనే.

“మీరు ఇక్కడే ఉంటారా?”

లోపలి నుంచి గొంతు వినిపించింది. “ఒరేయ్, ఎవర్రా వచ్చింది?”

“ఎడిటరుగారు, నాన్నా.”

ఆ మాటతో ఆమె మొహం ప్రూఫు కాగితం కన్నా తెల్లబడింది. దద్దమ్మ, మట్టిముద్ద, పాపం వాడి బతుకు, అన్నీ ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి.

పెద్దాయన ప్రూఫులు తీసుకుని చదవడం మొదలుపెట్టాడు. ఒక్కో పేజీకి ఒక్కో సంతకం. ఒక పేజీ దగ్గర సంతకం ఆగింది. అక్కడ నవలలో కొడుకు అడుగుతున్నాడు, “నాతో మాట్లాడాలనిపించినప్పుడల్లా పుస్తకం ఎందుకు రాస్తావు నాన్నా? పక్కగదిలోనే ఉన్నాను కదా.”

“నాన్నా, అవన్నీ నేనే...”

“తెలుసురా. నువ్వు దుకాణానికెళ్ళాక టైపు కాగితాలు చదవనా?” పెద్దాయన తలెత్తలేదు. “నాలుగో అధ్యాయం దాకా కోపమొచ్చింది. తరవాత నుంచీ నీకోసం రెండేసి గీతలు ఖాళీ వదిలాను. నువ్వేమో అద్దాలు చేయించుకొచ్చావు. చూపు తగ్గింది నాకు కాదు.”

అతను తండ్రి ముక్కు మీది కొత్త అద్దాల వైపు చూశాడు.

“వీడేం మాట్లాడతాడో నాకు తెలిసేది కాదమ్మా,” అన్నాడాయన ఆమె వైపు తిరిగి. “తెలియక ప్రతిసారీ చంపేసేవాణ్ణి, లేదా ఇంట్లోంచి పంపేసేవాణ్ణి.” అని ఆ పేజీ మీద సంతకం పెట్టాడు. పక్కనే అంచులో సన్నగా పెన్సిలు రాత కనిపించింది. కొత్త అద్దాలు సర్దుకుని పైకే చదివాడు. “ఇలాంటివాడు ఎదురుపడితే కళ్ళు మూసుకుని చేసుకుంటాను.”

చెరపడం మర్చిపోయిన ఎడిటరు కుర్చీలో ముడుచుకుపోయింది.

“అది ఆఫీసు నోటు కాదండీ,” అంది మెల్లగా.

“అక్షరాలు మీవేనా?” అడిగాడు పెద్దాయన.

“నావేనండీ.” తరవాత అతని వైపు తిరిగి గొంతు పెంచింది. “మీరు ముందే చెప్పొచ్చు కదా? కాగితం మీద ఒకణ్ణి, మర బిగించేవాణ్ణి ఒకణ్ణి, ఇద్దర్ని ఒకేసారి ప్రేమిస్తున్నానని నెల రోజులుగా నన్ను నేను తిట్టుకుంటున్నాను.”

“మర బిగించేవాణ్ణి ఎప్పటినుంచి?”

“ప్రతి బుధవారం సాయంత్రం ఆ మర ఎవరు వదులు చేశారనుకుంటున్నారు?”

అతను తండ్రి ముందున్న సంగతి మరిచి నవ్వేశాడు. ఆ ఇంట్లో ఆరేళ్ళ తరవాత వినిపించిన నవ్వది. పెద్దాయన లేచి వెళ్ళి, చేత్తో రాసిన చివరి అధ్యాయం తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆఖరి పేజీలో తండ్రి మాట ఒక్కటే ఉంది. ‘ఇంటికో కోడల్ని తీసుకురారా.’ కింద రెండు గీతలు ఖాళీ.

కలం కొడుకు చేతికిచ్చాడు. ఎనిమిది నెలలుగా గలగలా మాట్లాడిన ఆ కొడుక్కి ఇప్పుడు ఒక్క ముక్కా తోచలేదు. కలం కొరికాడు. కిటికీ వైపు చూశాడు. ఆమె వైపు చూశాడు. చివరికి రెండే మాటలు రాశాడు.

ఆమె వంగి చదివింది. సరే నాన్నా.

బ్యాగులోంచి ఎర్ర పెన్సిలు బయటికొచ్చింది. తండ్రీకొడుకులిద్దరూ ఊపిరి బిగబట్టారు. ఆమె ఆ మాటల పక్కన చిన్న టిక్కు పెట్టింది.

“ఇదొక్కటీ ఉంచుదామండీ,” అంది, “మామయ్యగారూ.”