కనుకయ్య మొహం మీది నూగు

తొంభై అయిదులో భివండిలో, ధామన్‌కర్ నాకా పక్క గల్లీలో నాకో ఫొటో స్టూడియో ఉండేది. రంగుల ఫొటోలంటే నాకు ఒళ్లుమంట. మనిషి మొహం నలుపు తెలుపుల్లోనే నిలుస్తుందని నా మొండిపట్టు. వచ్చేవాళ్లు ఎక్కువగా సాంచాల మీద, అదే కరెంటు మగ్గాల మీద, బట్ట నేసే మన తెలుగువాళ్లే. వాళ్ల కనుబొమల మీద, రెప్పల మీద పత్తి నూగు పట్టి ఉంటుంది. ఫొటోలో అది నెరిసిన వెంట్రుకల్లా పడి, వయసువాణ్ణి ముసలివాణ్ణి చేస్తుంది. అందుకే కళ్లు మూయించి తడిగుడ్డతో నేనే తుడిచేవాణ్ణి. అలా మొహం అప్పగించి కూర్చుంటే ఎంత మొరటువాడైనా పసివాడైపోతాడు. నాకది ఇష్టం.

ఆ సాయంత్రం ఎదురు కార్ఖానాలో పనిచేసే కనుకయ్య వచ్చాడు.

"అన్నా, ఒక్క ఫొటో దియ్యవా? నా బిడ్డకు నా మొఖం యాదికుండాలె."

"ఏంది, ఊరికి పోతున్నవా?"

"ఆఁ... పోతున్న."

కళ్లు మూయించాను. నుదురు చల్లగా ఉంది. అంతలో కరెంటు పోయింది. వీధిలోని సాంచాలన్నీ ఒక్కసారే ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దం నాకెప్పుడూ పడదు. అంత దగ్గరగా వంగి ఉన్నానా... వినిపిస్తున్నది నా ఊపిరి ఒక్కటే.

రెప్పలు తుడిచాను. ముక్కు దగ్గర తెల్లగా కనిపిస్తే గోటితో లాగాను. వచ్చింది... ఇంకా వచ్చింది... నూగు కాదు. ముద్దచేసి కుక్కిన దూది. రెండోవైపూ అంతే. దుమ్ముకు అడ్డం పెట్టుకున్నాడేమో అనుకున్నాను.

కిటికీ వెలుతురు చాలదు. షట్టర్ కాస్త ఎక్కువసేపు తెరిచి ఉంచాలి.

"కదలకు. ఊపిరి బిగబట్టు," అన్నాను మెల్లగా.

"గది కష్టం గాదన్నా," అని నవ్వాడు.

తీశాను. "మా పోచవ్వకియ్యి," అని మెట్లు దిగిపోయాడు.

కరెంటు వచ్చి సాంచాలు మళ్లీ మొదలయ్యేసరికి అతని భార్య పోచవ్వ గుమ్మంలో ఉంది, చంకలో పిల్లతో.

"అన్నా, మా ఆయిన పొద్దుగాల కార్ఖానల పడి పాణమిడిసిండు. దండెయ్యను ఒక్క ఫొటో లేదు. నీ దగ్గర ఎప్పుడన్న దిగిండా?"

నా గుప్పిట్లో ఆ దూది ఇంకా ఉంది. ఫిల్ము అప్పటికప్పుడే కడిగి, ఫొటో వేసి ఇచ్చాను. అంత మంచి ఫొటో నేను ఇంకోటి తీయలేదు.

"నూగు లేకుంట ఈయన్ను నేనెన్నడు సూడలే," అని ఆమె గొల్లుమంది.

మర్నాడు పొద్దున నా భార్య రాజమణి తడిగుడ్డతో నా మొహం మీదికి వంగింది.

"కండ్లు ముయ్యి. సాంచాల దిక్కు ఎందుకు పోయినవయ్యా? రెప్పల నిండ నూగే."

నేను పోలేదు.

ఆమె వేళ్లు నా ముక్కు దగ్గర ఆగాయి. "గిదేంది..."

లాగుతోంది... ఇంకా వస్తోంది. ఎంతసేపటినుంచో ఊపిరి బిగబట్టే ఉన్నానని అప్పుడు తెలిసింది.

కష్టంగా లేదు.