గోరువెచ్చని అనుమానం

మంగళవారం ఉదయం పదిన్నరకి లిఫ్టు మెకానిక్ ఇంటికి వచ్చేసరికి అతని జుట్టు తడిగా ఉంది.

"ఏమండీ, లిఫ్టులో వాన పడిందా?" అంది భార్య, కుట్టుమిషను మీంచి తల ఎత్తకుండానే.

"చెమటే," అని అతను కండువా అందుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

వీధిలో అందరూ ఆమెని టైలరమ్మ అంటారు. కూతురు మాత్రం సీసీ కెమెరా అంటుంది. ఆ ఇంట్లో ఎవరి గుండీ ఊడినా, ఎవరి ముఖం మాడినా ముందు ఆమెకే తెలుస్తుంది. చెమటకీ నీళ్ళకీ తేడా తెలియనంత అమాయకురాలు కాదామె. పైగా మంగళ, గురువారాల్లో మాత్రమే పట్టే ఆ చెమట బ్లీచింగ్ పౌడర్ వాసన కొడుతోంది.

ఆరు నెలల కిందట అతను లిఫ్టు గుంతలో కాలు జారి నడుం మీద పడ్డాడు. ఎముకలేం విరగలేదు గానీ నిద్ర మాత్రం విరిగిపోయింది. అప్పటి నుంచి కంపెనీవాళ్ళు తేలిక పనులే ఇస్తున్నారు. రోజూ సాయంత్రం ఆమె మిషను మూసేసి, నొప్పుల మందు రాసి, రెండు బొటనవేళ్ళతో అతని నడుం గట్టిగా నొక్కేది. అలాంటిది మూడు వారాలుగా "ఈ పూట వద్దులే" అంటున్నాడు. వద్దంటూనే సుఖంగా నిద్రపోతున్నాడు. మందు మానేస్తే నొప్పి తగ్గడమేమిటో ఆమెకి మింగుడుపడలేదు.

అతను భోజనం చేసి కునుకు తీస్తుంటే, పనిముట్ల సంచీ తెరిచింది. స్పానర్ల కింద పాలిథిన్ కవరు, అందులో తడి నిక్కరు. నీలం రంగుది, పక్కన తెల్ల చార, నడుముకి ఎలాస్టిక్. ఆ ఇంట్లో మగాడి ఒంటి మీదికి ఆమె కుట్టని గుడ్డ ఎక్కి ఇరవై రెండేళ్ళయింది. కుట్లు తిరగేసి చూసింది. కొట్లో కొన్నదే.

సాయంత్రం కూతురు కాలేజీ నుంచి రాగానే అడిగింది. "మీ నాన్న మంగళ, గురువారాలు ఎక్కడికెళ్తున్నారే?"

"నాకేం తెలుసమ్మా?" అంది కూతురు. ప్రశ్న పూర్తి కాకముందే వచ్చింది జవాబు. ఆ తొందర కూడా టైలరమ్మ దృష్టి దాటిపోలేదు.

గురువారం ఉదయం అతను బయల్దేరిన రెండు నిమిషాలకి ఆమె కూడా తలుపు తాళం వేసింది. అతను పని ఉన్న బిల్డింగు దాటేశాడు. మందుల షాపు దాటి, ఫిజియోథెరపీ క్లినిక్ వెనక ఉన్న ఒంటి అంతస్తు ఇంట్లోకి, సొంతింట్లోకి వెళ్ళినంత చనువుగా వెళ్ళిపోయాడు. పక్క సందులో ఆవిరి పట్టిన కిటికీ అద్దం ఉంది. కొంగుతో తుడిచి చూసింది.

లోపల చిన్న కొలను. గుండెల లోతు నీళ్ళలో నల్ల దుస్తుల ఆడమనిషి నిలబడి ఉంది, తన ఈడుదే. ఆమె చేతుల మీద వెల్లకిలా తేలుతున్నాడు తన భర్త. ఆమె మోచేతి వంపులో అతని తల. చంటిపిల్లని ఊపినట్టు మెల్లగా అటూ ఇటూ తిప్పుతోంది. అతని కళ్ళు మూసుకుని ఉన్నాయి. ఆ ముఖం మీద ముడతల్లేవు. ఆరు నెలలుగా తను చూడని ముఖం అది.

తలుపు బాదాలనుకుంది. కాళ్ళు మాత్రం ఇంటివైపు నడిచాయి. ఆ పూట స్కూలు చొక్కాకి కుడిచెయ్యి ఎడమవైపు వేసి కుట్టింది.

అతను వచ్చేసరికి, నీలం నిక్కరు చూసిన రోజు నుంచి దాచిపెట్టుకున్న మాటలన్నీ సిద్ధంగా ఉన్నాయి. క్లాసు లేక ఇంట్లోనే ఉన్న కూతురు గుమ్మంలో నిలబడిపోయింది.

"ఎవరావిడ?"

అతని చేతిలో సంచీ కిందికి జారింది. "చూశావా?"

"కళ్ళారా చూశాను. నేను ముట్టుకుంటే ఒళ్ళు బిగించుకునే మనిషి, పరాయిదాని చేతుల్లో పసిపిల్లాడిలా పడుకున్నారు!"

"అమ్మా, ఆవిడ థెరపిస్టు," అంది కూతురు. "వేడినీళ్ళలో చేసే వైద్యం అది. నేనే కనుక్కుని పంపించాను."

"ఓహో, నీకూ తెలుసన్నమాట. నాకు తప్ప ఇంట్లో అందరికీ తెలుసు." ఆమె భర్తవైపు తిరిగింది. "వైద్యమైతే దొంగచాటు దేనికి? నాతో చెప్పడానికి నోరు రాలేదా?"

అతను కిందపడ్డ సంచీ తీసి గోడకి ఆనించాడు.

"చెప్పెయ్యి నాన్నా," అంది కూతురు.

"నువ్వు నొక్కుతుంటే ప్రాణం పోయేదే," అన్నాడు అతను నేల చూస్తూ. "నీ వేళ్ళు దిగినచోటల్లా నిప్పు పెట్టినట్టుండేది. తలగడ కొరుక్కుని పడుకునేవాణ్ణి. పొద్దంతా మిషను తొక్కి, ఆ కాళ్ళతోనే వచ్చి నా పక్కన కూర్చునేదానివి. 'హాయిగా ఉందా' అని అడిగేదానివి. లేదని ఎలా చెప్పను?"

టైలరమ్మ తన బొటనవేళ్ళవైపు చూసుకుంది. సూది గాట్లతో బండబారిన వేళ్ళు. లేచి వంటగదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

తర్వాత నాలుగు రోజులూ ఆ ఇంట్లో మిషను చప్పుడే మాట్లాడింది. పరాయి ఆడదన్న అనుమానం వదిలింది గానీ, అంతకంటే చెడ్డది ఇంకొకటి పట్టుకుంది. ఆరు నెలలు నొప్పిని హాయి అని చెప్పిన మనిషి, ఇరవై రెండేళ్ళలో ఇంకెన్నిటిని బాగున్నాయన్నాడో! కూర బాగుందన్నది నిజమేనా? చొక్కా సరిగ్గా కుదిరిందన్నది? తనతో బతుకు బాగుందన్నది?

మంగళవారం అతను చెప్పులు వేసుకుంటుంటే వెనక నుంచి వినిపించింది. "నేనూ వస్తున్నాను."

థెరపిస్టు ఆమెని చూసి ఆశ్చర్యపోలేదు. "వదులుగా ఉండే బట్టలు ఇస్తాను. నీళ్ళలోకి దిగండి."

"నేనెందుకు? చూడ్డానికొచ్చాను."

"చూస్తే తెలియదమ్మా. ఈయన్ని మీరే పట్టుకోండి."

నీళ్ళు గోరువెచ్చగా, ఒంటి వేడితో సమానంగా ఉన్నాయి. టైలరమ్మ అతని మెడ కింద ఒక చెయ్యి, నడుం కింద ఒక చెయ్యి పెట్టింది. అలవాటు కొద్దీ వేళ్ళు బిగిశాయి. అతని కనుబొమలు ముడిపడ్డాయి.

"నొక్కకండి," అంది థెరపిస్టు. "బరువు నీళ్ళు మోస్తాయి. మీరు తోడుగా ఉంటే చాలు."

ఆమె వేళ్ళు వదులు చేసి, అతని చెవి దగ్గరికి వంగింది. "నొప్పిగా ఉందా? ఈసారన్నా నిజం చెప్పండి."

అతను కళ్ళు తెరిచి ఆమెని చూశాడు. "కొంచెం ఉంది. నడుం కింద చెయ్యి ఇంకాస్త కిందికి జరుపు."

జరిపింది. "ఇప్పుడు?"

అతను కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ నటిస్తున్నాడేమోనని ముఖంలోకి పరీక్షగా చూసింది. అతని దవడ జారింది. సన్నగా గురక మొదలైంది. ఎనభై కిలోల మనిషి ఆమె రెండు చేతుల మీద ఇంకా కుట్టని గుడ్డలా తేలికగా ఉన్నాడు. ఆమె కళ్ళు నిండాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. ఒక చుక్క అతని నుదుటి మీద పడింది.

అతను కళ్ళు తెరిచాడు. "ఏమైంది? నొప్పా?"

"నాకేం, గుండ్రాయిలా ఉన్నాను," అనబోయింది. ఎవరడిగినా, ఎప్పుడడిగినా ఆమె చెప్పే మాట అదే. ఆ మాట సగంలోనే ఆగిపోయింది. తను కూడా అతనితో ఏనాడూ నిజం చెప్పలేదని ఆమెకి అప్పుడు తట్టింది.

"అవునండీ," అంది. "కుడి భుజం. చెయ్యి పైకి లేవట్లేదు. రెండేళ్ళయింది."

"రెండేళ్ళా!" అతను కాళ్ళు కిందికి ఆనించి లేచి నిలబడ్డాడు. "పిచ్చిదానా, ఆ చేత్తోనేనా రోజూ నాకు మందు రాశావు?"

ఆమె తల ఊపింది. అతను థెరపిస్టువైపు చూశాడు. ఆవిడ సరేనన్నట్టు పక్కకి జరిగింది.

"పడుకో," అన్నాడతను, ఆమె మెడ కింద చెయ్యి పెట్టి.

"మీ నడుం..."

"నొప్పి పుడితే చెప్తాను. ఒట్టు."

టైలరమ్మ వెనక్కి వాలింది. చాలాసేపు మెడ బిగబట్టుకునే ఉంది. అతను తొందరపెట్టలేదు. చివరికి ఆమె తల అతని అరచేతిలోకి బరువుగా వాలింది.