చివరి క్వార్టర్ల మొఖం లేనోళ్ళు

పాల్వంచ కాలనీల చివరి క్వార్టర్ ఎప్పటిసందో ఖాళీ. తలుపుల్లేవు, కరెంటు లేదు. సిగ్నల్ మాత్రం నిండుగ ఉంటది. ఆ మెట్ల మీద కూసుని ఫోన్ల ఫైటింగ్ గేమ్ ఆడితే... మొఖం లేనోళ్ళు కొట్లాటకొస్తరని పేరు.

ఆ పేరు తెచ్చింది మా భీమ్లానే. వాళ్ళ చెల్లె హేమ్లి చెప్పింది చెప్పినట్టు చెప్తున్న.

భీమ్లాది కాంట్రాక్టు పని. అక్కడ వాన్ని పేరు పెట్టి పిలిచేటోడు లేడు. అందుకే బోనస్ మొత్తం పోసి ఆటల బంగారు స్కిన్ కొన్నడు. స్కిన్ అంటే మన బొమ్మకు తొడిగే వేషం. బలం పెంచది, దెబ్బ ఆపది... ఉత్త సోకు. అయితేంది, ఆన్‌లైన్ల అందరు తననే చూస్తున్నరని ఎనిమిది నెలల సంది రొమ్ము ఇరుసుకొని తిరుగుతుండు.

ఆ రాత్రి షిఫ్ట్ దిగి మెట్ల మీద కూసున్నడు. ఆట తెరిచిండు.

ఎదుటోడు వచ్చిండు.

బూడిద రంగు ఒళ్ళు. గుండు. కండ్లు లేవు, ముక్కు లేదు, మూతి లేదు...

భీమ్లా వాన్ని కొట్టి పడేసిండు. ఇంకోడు వచ్చిండు — అదే గుండు. ఇంకోడు — అదే. తన బంగారం మాత్రం ధగధగ మెరుస్తుంది.

గప్పుడే దోస్తు శీను మైక్‌ల మాట్లాడిండు. పులి వేషం తొడిగిన, చూడు అన్నడు. భీమ్లా చూసిండు. గుండు... మూతి లేని గుండుల నుంచి శీను గొంతు!

"శీనూ..." గుసగుసలాడిండు. "నువ్వు బతికే ఉన్నవా రా?"

తాగినవా అని శీను కట్ చేసిండు. భీమ్లా చెప్పులు ఆడనే ఇడిసి ఉరికిండు.

తెల్లారి మంత్రం ఏసే జంపయ్య తాత కాడికి పోయిండు. తాత ఫోనుకు నిమ్మకాయ కట్టి, మూడు దినాలు దాన్ని ఉపాసం ఉంచమన్నడు — అంటే చార్జింగ్ పెట్టొద్దని.

హేమ్లికి నవ్వాగలే. నిమ్మకాయ పక్కకు జరిపి సెట్టింగులు చూసింది. 'ఎదుటోళ్ళ స్కిన్లు చూపించు' అన్న కాడ ఆఫ్ ఉంది. ఫోన్ ఆగి ఆగి నడుస్తుందని నిన్న షిఫ్ట్‌కు పోయే ముందట దొరికిందల్లా ఆపుకున్నది భీమ్లానే. అది ఆపితే ఎవ్వలొచ్చినా ఒక్క తీరు గుండు బొమ్మలే.

ఒక్క నొక్కుడు — రంగులన్నీ తిరిగొచ్చినయ్.

భీమ్లా నవ్విండు. మల్ల నవ్వు ఆపిండు.

"చెల్లే... గీ సెట్టింగు అందరి ఫోన్లల్ల ఉంటదా?"

"అవ్ అన్నా."

"మరి నా బంగారం..."

హేమ్లి ఫోన్ దిక్కే చూసుకుంట చెప్పింది. "నీ మెరుపులకు ఫోన్లు ఆగిపోతున్నయని మొదటి వారమే అందరు ఆఫ్ చేసిండ్రు. శీనన్న గూడ. నేను గూడ."

ఎనిమిది నెలలు... వాళ్ళందరి ముందట గుండుతోని, మొఖం లేకుంట తిరిగింది భీమ్లానే.

ఒక్కడన్నా జడుసుకోలే. అలవాటైపోయిండు.