అత్తగారి కొలత

ఆ రోజు పొద్దున్న కూడా అత్తగారు కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని, కింద నడిచే వాళ్ళందరికీ వంకలు పెడుతోంది. నాలుగో అంతస్తు నుంచి చూస్తే మనుషుల బుర్రలు తప్ప ఇంకేం కనిపించవు. అయినా ఆవిడ వంకలకు లోటు లేదు.

"ఆ బట్టతలాయన మళ్ళీ గొడుగు మర్చిపోయాడు. కిందికెళ్ళాక నాలుగు చివాట్లు పెట్టాలి."

"పెడుదురుగాని లెండి. ముందు ఆ పాలు తాగండి," అంది కోడలు, ఆవిడ జుట్టు చిక్కు తీస్తూ.

కిందికెళ్ళాక. ఆ ఇంట్లో కొన్నాళ్ళుగా అదే మాట. తుంటికి ఆపరేషన్ చేయించుకుని వచ్చిన దగ్గర్నుంచి ఆవిడ గడప దాటలేదు. ప్రభుత్వం కట్టిన ఆ పాత భవనానికి లిఫ్టు లేదు. కోడలు పనిచేసే ప్రభుత్వాసుపత్రిలో డాక్టరు ముఖం మీదే చెప్పేశాడు: రోజూ ఆరుబయట నడిపించండి, లేదంటే ఇక మంచమే. అందుకే కింది వాటా ఖాళీ కాగానే, అది తమకిమ్మని ఇళ్ళు కేటాయించే ఆఫీసులో అడిగారు. ఆ భవనాల మరమ్మతులు చూసేది కోడలి భర్తే. ఆ వాటాకి రంగులు వేసిందీ, కుళాయిలు మార్చిందీ అతనే. స్నానాలగదిలో పట్టుకునే కడ్డీ బిగించే ముందు పొట్టిగా ఉండే తల్లిని నిలబెట్టి, నేల నుంచి మణికట్టు దాకా దారంతో కొలిచి, ఆ దారం జేబులో వేసుకుని మరీ వెళ్ళాడు. ఎవరికిస్తారో ఇంకా తేలని ఇంట్లో తల్లి కొలత పెట్టడం తొందరపాటే. ఆశపడ్డవాడికి అంత ఆలోచన ఉంటే ఇంకేం.

కింద ఒక వ్యాను ఆగింది.

"ఎవరో దిగుతున్నారే," అంది అత్తగారు.

రెండు మూటలు, ఒక ముసలాయన, ఒక ఆడమనిషి, చిన్న పిల్ల. వెంట వచ్చిన ఆఫీసు మనిషి తాళాలగుత్తితో కింది వాటా వైపు నడిచాడు.

దువ్వెన కోడలి చేతిలోనే ఉండిపోయింది. యుద్ధం నుంచి తప్పించుకుని శరణు కోరి వస్తున్నవాళ్ళు ఆమెకు కొత్త కాదు. ఆసుపత్రిలో టోకెన్లు ఇచ్చేది ఆమే. ఏడాదిగా అక్కడ లైను వరండా దాటి గేటు దాకా వస్తోంది. పాతవాళ్ళు కొత్తవాళ్ళను తిట్టడం, ఇద్దరూ కలిసి తనను తిట్టడం రోజూ ఉన్నదే. ఆ లైను ఇప్పుడు తమ గుమ్మం దాకా వచ్చేసింది.

వంటింట్లోకి వెళ్తే, భర్త బూట్ల తాళ్ళు కట్టుకుంటూ తల ఎత్తలేదు. దాంతో ఆమెకు సంగతి అర్థమైంది.

"మీకు ముందే తెలుసు కదూ."

"మొన్న తెలిసింది."

"మొన్న తెలిస్తే ఇవాళ వ్యాను వచ్చి చెప్పాలా మాకు?"

"అమ్మ ముఖం చూస్తే నోరు పెగల్లేదు."

"ఎన్నేళ్ళ నుంచి ఉంటున్నాం మనం ఇక్కడ? నిన్నగాక మొన్న వచ్చినవాళ్ళు ముందెలా అయ్యారు?"

"అడిగాను. మీకు నెత్తిన కప్పుంది, వాళ్ళు బడి వరండాలో పడుకుంటున్నారు అన్నారు. దానికేం చెప్పమంటావు?"

"మా అమ్మ మంచాన పడుతుందని చెప్పండి. ఉన్న ఇళ్ళు చాలకపోతే ఇంకో నాలుగు కట్టమని చెప్పండి. మమ్మల్నీ వాళ్ళనీ ఒకే తలుపు ముందు నిలబెట్టి మీరు చేతులు దులుపుకుంటారా అని అడగండి." మాట్లాడుతూ మాట్లాడుతూనే ఆమె గొంతు లేచిపోయింది. "అసలు వాళ్ళనెవరు రమ్మన్నారు?"

చేతికర్ర చప్పుడైంది. అత్తగారు గుమ్మంలో నిలబడి ఉంది.

"నన్ను కిందికి దించండి."

"ఇప్పుడెందుకమ్మా?"

"నా కొలతకి కడ్డీ పెట్టావు కదరా. ఇల్లు ఎలాగూ పోయింది, దాన్నైనా ఒకసారి పట్టుకుని చూడనీ. వాళ్ళతో రెండు మాటలు కూడా ఉన్నాయి నాకు."

ఆవిడ రెండు మాటలంటే ఎన్నో ఇంట్లో అందరికీ తెలుసు. వంటింటి కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళ్ళారు. కింది మెట్టు మీద అతను, పై మెట్టు మీద కోడలు. సగం దూరం వచ్చేసరికి ఆమె వేళ్ళు జారి కుర్చీ ఒక పక్కకు ఒరిగింది. అత్తగారు కిక్కురుమనలేదు. అంత నోరున్న మనిషి అలా బిగుసుకుపోవడం చూసి కోడలికి ఇంకా భయమేసింది.

కింద తలుపు తీసింది ఆ ఆడమనిషే. కుర్చీని చూసింది, కుర్చీలో ముసలావిణ్ణి చూసింది, రొప్పుతున్న ఇద్దర్నీ చూసింది. ఏమీ అడగలేదు. వెనక్కి తిరిగి ముసలాయనతో ఏదో అంది. అప్పుడే విప్పిన మూటను ఆయన మళ్ళీ కట్టడం మొదలుపెట్టాడు. పిల్ల చెప్పులు వేసుకుని తలుపు దగ్గరకొచ్చి నిలబడింది. ఏడవను కూడా లేదు. ఇంటివాళ్ళు వచ్చారు, లేవాలి, అంతే. అలా ఎన్నిచోట్ల లేచారో.

"ఏం చేస్తున్నార్రా వాళ్ళు?" అంది అత్తగారు, తెలిసే.

"మనకి ఖాళీ చేసి ఇస్తున్నారమ్మా." అన్నాడు కొడుకు.

అత్తగారు కూడగట్టుకుని వచ్చిన మాటలు ఎటు పోయాయో. పిల్ల చెయ్యి పట్టుకుని, "చెప్పులు విప్పవే తల్లీ," అంది. పిల్లకు భాష తెలియదు. కోడలే వంగి విప్పింది. దుమ్ముకొట్టుకుపోయిన ఆ చిన్న పాదాలు చూడగానే, పొద్దున్నుంచీ బిగబట్టుకున్న ఏడుపు తన్నుకొచ్చింది. ఆఫీసువాళ్ళను అడగాల్సినవి అడగాల్సినవే. వీళ్ళనెవరు రమ్మన్నారని తనే అందా? ఆ ఒక్క మాట తలుచుకుంటే ఆమెకు సిగ్గేసింది.

అత్తగారు స్నానాలగదిలోకి నడిచి కడ్డీ పట్టుకుంది. సరిగ్గా సరిపోయింది. కాసేపు వదల్లేదు. గుమ్మంలోంచి చూస్తున్న ముసలాయన బాగా పొడుగు.

"ఒరేయ్, దారం ఉందా? ఈయన్ని కొలిచి పైకి జరుపు. దీన్ని పట్టుకోవాలంటే పాపం నడుం విరుగుతుంది."

"మరి నీకో?"

"నాకు మెట్లున్నాయిగా," అని ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

వచ్చినందుకు వాకిట్లో నాలుగడుగులు వేసింది. పిల్ల ఒక చెయ్యి, కోడలు ఒక చెయ్యి పట్టుకున్నారు. తిరిగి పైకెక్కేటప్పుడు ఆ ఆడమనిషి అడక్కుండానే వచ్చి, కోడలి పక్కన కుర్చీకి రెండో వైపు పట్టుకుంది. ఈసారి కుర్చీ ఒరగలేదు. పైకి వచ్చాక ఆమె ఆయాసపడుతూ కుర్చీని చూపించింది, కిందికి చూపించింది, చెంప కింద చెయ్యి పెట్టుకుని నిద్రపోయి లేచినట్టు అభినయించింది.

"ఏమంటోంది?" అంది అత్తగారు.

"పడుకుని లేచాక, రేపు పొద్దున్న మళ్ళీ దించుదామంటోంది అత్తయ్యా." అంది కోడలు.

అత్తగారు కిటికీ వైపు తిరిగింది.

"అయితే రేపు ఆ బట్టతలాయన పని చెప్తాను," అంది.