గోడకి మూడు దెబ్బలు

అవతల కుట్టుమిషను మొదలైంది. ఇవతల పాట ఆగిపోయింది.

అది ఆ రోజుకి పదకొండో టేకు. అతను హెడ్‌ఫోన్లు తీసి, గిటారు మంచం మీద పెట్టి, చెప్పులైనా వేసుకోకుండా వెళ్లి పక్కింటి తలుపు కొట్టాడు.

తలుపు తీసినామె మెడలో టేపు, పెదాల మధ్య రెండు గుండుసూదులు. మాట్లాడే వీల్లేక కనుబొమ్మలతోనే ఏమిటని అడిగింది.

"మీ మిషను కాసేపు ఆపుతారా? పాట రికార్డు చేస్తున్నాను."

ఆమె సూదులు తీసి మణికట్టుకి కట్టుకున్న బుల్లి దిండులో గుచ్చింది. "పాటా? మీ ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదనుకుంటున్నాం."

"అది స్లో సాంగండీ!"

"అందుకేనా, వారం నుంచీ అక్కడక్కడే ఉంది?"

లోపల్నుంచి ఆమె పిన్ని కేకేసింది. "ఎవరే అది?"

"పక్కింటి మూలుగు, పిన్నీ!"

అతనికి కోపం రావాలి. ఆ బుల్లి దిండు టమాటా ఆకారంలో ఉండటంతో కోపం సగంలోనే ఆగిపోయింది.

పగలు అతను కళ్లజోళ్ల షాపులో ఫ్రేములకి అద్దాలు బిగిస్తాడు. సాయంత్రం నలుగురున్న రాక్ బ్యాండులో గిటారు వాయిస్తాడు. బ్యాండుకి తొమ్మిది పాటలున్నాయి. తొమ్మిదీ సింగర్ రాసినవే, తొమ్మిదీ అరుపులే. వచ్చే ప్రోగ్రాముకి ఒక నెమ్మది పాట కావాలని తేల్చినవాడు డ్రమ్మర్.

"జనం చెవులు కూడా ఎక్కడో ఒకచోట కూర్చోవాలి కదరా. నువ్వు రాయి, నువ్వే పాడు. మన సింగర్ గొంతు మెల్లగా పలకదు. నెలాఖరు ఆదివారం మధ్యాహ్నానికి నా చేతిలో లేకపోతే వేరేవాళ్ల పాట ఏదో ఒకటి వాయించేద్దాం."

ఆరేళ్లుగా ఇంకొకడి మాటలకి గిటారు వాయించినవాడు అతను. సొంత మాట, సొంత గొంతు, ఒక్క పాట. అంతకంటే పెద్ద కోరిక అతనికి లేదు. అప్పటికి లేదు.

స్టూడియో అంటే అతని పడగ్గదే. చెక్క బీరువా తలుపులు బార్లా తెరిచి, వేలాడే చొక్కాల మధ్య మైకు పెట్టాడు. కిటికీకి దుప్పటి కట్టాడు. ఫ్యాను ఆపేవాడు. ఫ్రిజ్ రొద మైకులో పడుతోందని దాన్నీ ఆపేవాడు. ఆపడం బాగా వచ్చు. మళ్లీ వేయడం మర్చిపోయేవాడు. ఆ నెలలో నాలుగుసార్లు పాలు విరిగిపోయాయి.

మిషను సంగతికి మాత్రం ఆమే దారి చెప్పింది. "గోడ మీద రెండు కొట్టండి, ఆపుతా. మూడు కొట్టండి, మొదలుపెడతా. మధ్యలో ఎంతసేపు?"

"నాలుగు నిమిషాల పదిహేను సెకన్లు."

"అబ్బో! కొలిచి కుట్టారన్నమాట."

మూడు వారాలు అలాగే నడిచింది. మెట్ల మీద ఎదురైతే "ఇవాళ ఎన్ని టేకులు?" అని ఆమె, "ఇవాళ ఎన్ని కాలర్లు?" అని అతను. విరిగిన పాలు పారబోయడానికి గిన్నెతో కిందికి దిగుతుంటే "మళ్లీ ఫ్రిజ్ మర్చిపోయారా?" అని నవ్వేది. ఆ నవ్వు కోసం పాలు విరగ్గొట్టుకోవచ్చనిపించేది. అతను నిజంగానే మర్చిపోయేవాడు, అది వేరే సంగతి.

ఒక బుధవారం సాయంత్రం రెండో చరణంలో రెండు లైన్లు వాటంతటవే వచ్చాయి.

*గోడకటువైపు నువ్వున్నావని*
*ఇటువైపు మెల్లగా నడుస్తున్నా.*

ఒక్కసారి పాడాడు. పాడాక గబుక్కున రికార్డింగ్ ఆపేశాడు. కాగితం చిరిగేదాకా ఆ లైన్లు కొట్టేసి, వాటి చోట వాన పడుతోందని రాసుకున్నాడు. వాన ఎవరికీ కోపం తెప్పించదు.

ఆఖరి శనివారం పొద్దున పదింటికి గోడ మీద రెండు కొట్టాడు. మిషను ఆగింది. పాట మొదటిసారి తప్పు లేకుండా పూర్తయింది. అప్పుడే డ్రమ్మర్ ఫోన్ చేశాడు. "అయిందా? పట్రా! ఇప్పుడే వినాలి!"

లాప్‌టాప్ చంకలో పెట్టుకుని పరుగెత్తాడు. వెళ్లాక వాన పట్టుకుంది. పాటలో వాన కాదు, అసలు వాన.

డ్రమ్మర్ నాలుగుసార్లు విని గడ్డం గోక్కున్నాడు. "అంతా బాగుంది. రెండో చరణంలో మాత్రం అబద్ధం చెప్తున్నట్టున్నావు. వానతో నీకేం బాధరా? రేపటిదాకా టైముంది, చూడు."

ఇంటికొచ్చేసరికి నాలుగైంది. వంటింట్లో ఫ్రిజ్ కింద మడుగు. నాలుక కరుచుకుని స్విచ్చి వేశాడు. వేశాక చెయ్యి అక్కడే ఉండిపోయింది. ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది.

గోడ దగ్గరికి వెళ్లి, భయంభయంగా మూడు కొట్టాడు.

మూడో దెబ్బ పడీ పడకముందే అవతల మిషను టకటకమంది.

అతను పక్కింటికి ఎలా వెళ్లాడో అతనికే తెలియదు. పిన్ని తలుపు తీసింది.

"రా నాయనా, రా! నర్సింగ్ కాలేజీకి సోమవారం ముప్ఫై రెండు తెల్లకోట్లు కుట్టివ్వాలి. పదింటి నుంచీ ఇది చేతులు ఒళ్లో పెట్టుకు కూర్చుంది. కుట్టవే అంటే, 'రికార్డింగ్ అవుతోంది పిన్నీ' అంటుంది. ఏమీ వినబడట్లేదే అంటే, 'స్లో సాంగ్ కదా, మధ్యలో గ్యాప్ ఉంటుంది' అంటుంది. ఆరు గంటల గ్యాపా?"

ఆమె తలెత్తలేదు. తెల్లగుడ్డ సూది కింద జరజరా పరుగెడుతోంది.

"ఫ్రిజ్‌లాగే నన్నూ ఆపేసి మర్చిపోయారు."

అతను నేల మీద కూర్చుని, బొత్తాల డబ్బా ముందుకు లాక్కుని, సూదిలో దారం ఎక్కించాడు. కళ్లజోళ్ల మరలు బిగించే వేళ్లకి బొత్తాలు ఒక లెక్క కాదు. మూడో కోటుకి పిన్ని మెత్తబడి టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది.

"మొదలుపెట్టేయాల్సిందండీ," అన్నాడు గొంతు తగ్గించి. "నాలుగు నిమిషాలే అని చెప్పాను కదా."

"ఆ లైను మళ్లీ వస్తుందేమోనని."

సూది వేలికి దిగింది. "ఏ... ఏ లైను?"

ఆమె కొలతలు చదివినంత మామూలుగా ఆ రెండు లైన్లూ చదివింది. "బుధవారం ఒక్కసారి పాడారు. గురువారం నుంచీ వాన పట్టుకుంది."

"బాగాలేదని తీసేశా."

"బాగాలేదా, భయమా?"

అతను బొత్తానికి ముడి వేసి దారం తెంపాడు. "భయం."

"దేనికి?"

"మీకు వినబడుతుందని."

"వినబడింది. ఇల్లు ఖాళీ చేశామా?"

టీ వచ్చింది. ఇద్దరూ కప్పుల్లోకి చాలా శ్రద్ధగా చూశారు.

ఆదివారం పదకొండింటికి గోడ మీద రెండు కొట్టాడు. మిషను ఆగింది. అతను కళ్లు మూసుకుని పాడాడు. రెండో చరణంలో వాన లేదు. ఆఖరి తీగ మోగి, సన్నబడి, చొక్కాల్లో కలిసిపోయింది.

ఈసారి మర్చిపోలేదు. వెంటనే మూడు కొట్టాడు.

మిషను మొదలవలేదు. మళ్లీ మూడు కొట్టాడు. ఊహూఁ. అంతలో తలుపు బెల్లు మోగింది. గుమ్మంలో ఆమె, మణికట్టు మీద టమాటా.

"మూడు కొట్టానండీ," అన్నాడు కంగారుగా.

"వినబడింది. కోట్లన్నీ పొద్దున్నే అయిపోయాయి."

"మరి ఇందాకటిదాకా మిషను చప్పుడు?"

"ఊరికే తొక్కుతున్నా. దారం కూడా లేదు." ఆమె గడప వంక చూసింది. "మీరు రెండు కొడితే ఆపడం నాకలవాటైపోయింది."

అతను వెనక్కి తిరిగి గోడ వంక చూశాడు.

"గోడకి ఎన్నిసార్లు చెప్తారు? నాకు చెప్పండి. పాటలోనేమో నువ్వు అంటారు, మెట్ల మీదేమో మీరు, మీరు!"

గిటారు లేకుండా, రాగం లేకుండా, ఆ రెండు లైన్లూ ఆమె కళ్లలోకి చూసి చెప్పాడు. గొంతు రెండుచోట్ల వణికింది. ఏ సింగరైనా దాన్ని చెత్త టేకే అంటాడు.

"మెల్లగా ఎందుకు?" అందామె. "గట్టిగానే నడువు. నువ్వు ఇంట్లో ఉన్నావని నాకూ తెలియాలి కదా."

ఆ మాట పూర్తవుతుండగా గోడ అవతల్నుంచి దెబ్బలు వినిపించాయి. ఒకటి. రెండు. మూడు.

ఇద్దరూ బిగుసుకుపోయారు. అవతల ఉన్నది పిన్ని ఒక్కతే. రెండు కొడితే ఆపమని. మూడు కొడితే మొదలుపెట్టమని.

ఆమె ముందు నవ్వింది. తర్వాత అతను.

అన్నీ ఆపి మళ్లీ వేయడం మర్చిపోయే మనిషి, ఆ రోజు మైకు ఆపడమే మర్చిపోయాడు. మధ్యలో మాటలన్నీ కత్తిరించి తన దగ్గరే దాచుకున్నాడు. ఆ మూడు దెబ్బలు మాత్రం పాట చివర అతికించాడు.

మధ్యాహ్నం డ్రమ్మర్ పాట విని, ఆఖరి ముక్క మళ్లీ పెట్టించుకున్నాడు.

"పాట అదిరింది సరే. చివర ఆ మూడు దెబ్బలు ఎవర్రా వాయించింది? నాకు కూడా అంత టైమింగ్ లేదు."

"మా పిన్నత్తగారు."

"నీకు పిన్నత్తగారు ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"గోడ అవతల్నుంచి."