ఉప్పుకాగితం సద్దు

...ఆ రేకుల కొట్టమే అప్పా, నువ్వడిగేది. పుంగనూరు దావలో, కానగ చెట్టు పక్కన. ఆ దినాల్లో పొద్దుగూకినాక ఆ దిక్కు ఎవురూ పోయేటోళ్ళు కాదు. తలుపేసిన కొట్టంలో ఉప్పుకాగితం రుద్దే సద్దు — సర్... సర్... సచ్చిపోయిన అక్కమ్మే రుద్దతాండాదని ఊర్లో మాట.

అక్కమ్మంటే గంగప్ప పెండ్లాం. పాత కుర్చీలు, మంచాలు పాలిష్ చేసేదాంట్లో ఇద్దురూ ఒక జత. పాత రంగు పోయేదాకా ఉప్పుకాగితంతో రుద్దేది అక్కమ్మ. లక్క పూసేది ఈయప్ప. స్పిరిట్ కలిపిన లక్కడబ్బా మూత తీస్తే సాలు, అక్కమ్మకు దగ్గు. కొంగు ముక్కుకు పెట్టుకోని బయటికి పోతా ఉన్నింది. ఈయప్ప లోపల్నించి కేకేసేటోడు —

"చెట్టు కింద కూసోమే, వస్తా."

ఎండాకాలం జరమొచ్చి అక్కమ్మ పోయింది. కుప్పమోళ్ళ ఉయ్యాల బల్ల, పాత టేకుది, సగం రుద్ది అట్లే నిలిచిపోయింది. ఆ కుప్పమాయన ఓర్సుకోని ఓర్సుకోని, మదనపల్లెలో ఉండే గంగప్ప అక్క విజయమ్మకు ఫోన్ చేసినాడు.

"ఏమ్మా, మీ తమ్ముడు నా బల్లకు పాలిష్ చేస్తాండాడా, బల్లను తింటాండాడా?"

విజయమ్మ ఆఖరి బస్సుకు దిగింది. ఇంట్లో తమ్ముడు లేడు. కొట్టం కాడికి పోతే... సర్... సర్...

అయినా తలుపు తోసింది.

గంగప్ప! సెల్లు లైటు పెట్టుకోని బల్ల రుద్దతాండాడు.

"నువ్వారా! ఊరంతా దెయ్యమంటాంటే..." ఆ యమ్మకు నగువొచ్చింది. నగతా నగతా ఆగిపోయింది.

తమ్ముడు చెయ్యి ఎత్తేసినాడు... సద్దు ఆగలా.

బల్లకు ఆ కొసన — సర్... సర్... పొడి రాలతాండాది. ఆడ ఎవురూ లేరు.

"మెల్లిగా మాట్లాడక్కా..." గుసగుసగా అన్నాడు. "రుద్దేంతసేపూ ఉంటాది. లక్కడబ్బా తెరిస్తే... పోతాది."

విజయమ్మ బల్లను తడిమింది. అంత లావు టేకు, అరిగి అరిగి అప్పడం మాదిరి అయిపోయిండాది. తమ్ముని చేతి ఏళ్ళు సూసింది. తోలే లేదు.

భయం పోయి ఏడుపొచ్చింది.

"రేయ్... నీ చేతులే ఇట్లుంటే, దాని చేతులు నొయ్యవా? పోయినాక గూడా దానితో పని చేయిస్తావా?"

గంగప్ప ఉప్పుకాగితం పక్కన పెట్టినాడు. తర్వాత... డబ్బా మూత తీసినాడు.

ఆ కొసన సద్దు నిలిచిపోయింది.

వాకిట్లో దగ్గు... ఇంగ కొంచేపటికి, కానగ చెట్టు కింద దగ్గు.

"కూసోమే," అన్నాడు గంగప్ప, ఎప్పుడూ అనేటట్లే. "రెండు కోటింగులేసి వస్తా."

గుడ్డ ముంచి నిదానంగా పూస్తా ఉన్నాడు. ఏడ్సి ఏడ్సి విజయమ్మకు గడప కాడే కునుకు పట్టింది.

కోడి కూసినాక లేసి సూస్తే, బల్ల అద్దం మాదిరి ఉండాది. ఆ యమ్మ మొగం ఆ యమ్మకే కనిపించింది. డబ్బా మూత బిగించిండాది. గుడ్డ పిండి ఆరేసిండాది.

చెట్టు కిందికి పరిగెత్తింది. రాలిన ఆకులు ఇద్దురు పక్కపక్కన కూసున్నట్ల అణిగుండాయి.

ఆ పొద్దునించి గంగప్ప ఎవురికీ కనిపించలా.